గరాజ్ గోడకి స్లాట్‌వాల్ పలకలు బిగించుకోవడం ఎలా?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ళ విషయంలో ఆ సామెతకి చిన్న సవరణ కావాలి. ఇల్లు చూడండి గానీ, దయచేసి గరాజ్ మాత్రం చూడకండి! ముందుగది అద్దంలా ఉంటుంది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పెయ్యవచ్చు. గరాజ్ తలుపు తీస్తే మాత్రం ఇండియా ప్రయాణాల ఖాళీ సూట్‌కేసులు, బొమ్మలకొలువు పెట్టెలు, పిల్లల సైకిళ్ళు, మంచు ఎత్తే పారలు, మడత కుర్చీలు, పేపర్ టవళ్ళ కట్టలు దర్శనమిస్తాయి. వేల డాలర్లు పోసి కొన్న కారు బయట ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటుంది. పాతిక డాలర్లు చెయ్యని సామాను లోపల నీడపట్టున హాయిగా ఉంటుంది.

దీనికి కారణం చోటు లేకపోవడం కాదు. రెండు కార్ల గరాజ్ 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకుంటే నేల 400 చదరపు అడుగులు. కార్లు వచ్చే పెద్ద తలుపు వైపు వదిలేసి, మిగతా మూడు గోడలూ 8 అడుగుల ఎత్తున లెక్కవేస్తే 480 చదరపు అడుగులు. తలుపులకీ కిటికీలకీ కొంత పోయినా, నేల కంటే గోడలేమీ తక్కువ కాదు. మనం నేలంతా నింపేసి గోడలు ఖాళీగా వదిలేస్తున్నాం, అంతే. ఆ గోడలని వాడుకునే పద్ధతుల్లో ఒకటి స్లాట్‌వాల్. దాన్ని ఎలా బిగించాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఈ వ్యాసంలో చూద్దాం.

స్లాట్‌వాల్ అంటే ఏమిటి?

బట్టల దుకాణాల్లో గోడలకి అడ్డంగా గాళ్ళు ఉన్న పలకలు, ఆ గాళ్ళలో గుచ్చిన కొక్కేలు, వాటికి వేలాడే సరుకు మీరు చూసే ఉంటారు. అదే స్లాట్‌వాల్. మన ఊళ్ళలో పాత ఇళ్ళ గోడలకి ఉండే చిలక్కొయ్యకి ఇది దూరపు చుట్టం అనుకోవచ్చు. చిలక్కొయ్య దిగ్గొట్టిన చోటనే ఉంటుంది. ఇక్కడ కొక్కేన్ని గాడిలోంచి తీసి మరో చోట పెట్టుకోవచ్చు, మళ్ళీ డ్రిల్ చెయ్యక్కర్లేదు. పిల్లలు పెరిగి చిన్న సైకిలు పోయి పెద్ద సైకిలు వచ్చినా గోడకి కొత్త చిల్లు పడదు. దీని అసలు సుఖం అదే.

గరాజ్‌కి దొరికేవాటిలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది పెగ్‌బోర్డు. చిల్లుల అట్టలా ఉంటుంది, అన్నిటికంటే చవక. సుత్తులు, స్క్రూడ్రైవర్లు, కత్తెరల వంటి తేలిక సామానుకి సరిపోతుంది. కొక్కెం వెనక్కి దూరాలి కాబట్టి దీన్ని గోడకి అంటించి బిగించకూడదు, మధ్యలో చెక్క పట్టీలు వేసి కొంచెం ఎడం ఉంచాలి.

రెండోది ఎండీఎఫ్ పలక. చెక్కపొడిని జిగురుతో కలిపి నొక్కి చేస్తారు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చూడ్డానికి బాగుంటుంది కానీ బరువెక్కువ, పైగా చెమ్మ తగిలితే ఉబ్బుతుంది. వానకి తడిసిన కారు, మంచు అంటుకున్న టైర్లు వచ్చే గరాజ్‌కి ఇది అంత మంచి ఎంపిక కాదు.

మూడోది పీవీసీ పలక. గరాజ్‌ల కోసమే తయారయ్యేవి చాలావరకు ఇవే. 8 అడుగుల పొడవు, 1 అడుగు ఎత్తున్న పలకలు ఎక్కువగా దొరుకుతాయి. ఒకదాని అంచు ఇంకోదానిలోకి దిగి కలుస్తుంది. తడిసినా ఏమీ కాదు, గుడ్డతో తుడిచేసుకోవచ్చు. ఖరీదు మాత్రం ఎక్కువే. ఒక కంపెనీ కొక్కేలు మరో కంపెనీ గాళ్ళలో అన్నివేళలా పట్టవు కాబట్టి పలకలు కొనేముందే కొక్కేల సంగతి కూడా చూసుకోండి. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది పలకల ధర మాత్రమే చూస్తారు. కొక్కేలు, బుట్టలు, అరలు కలిపితే అది కూడా గట్టి ఖర్చే.

గోడకి ఎముకలుంటాయి

గోడలకి చెవులుంటాయని మనకి తెలుసు. అమెరికా గోడలకి ఎముకలు కూడా ఉంటాయి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: బరువు మోసేది పలక కాదు, డ్రైవాల్ కాదు, దాని వెనకున్న స్టడ్.

మన దేశంలో ఇటుక గోడకి ఎక్కడ మేకు కొట్టినా ఏదో ఒకటి ఆగుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళ గోడ అంటే నిలువుగా నిలబెట్టిన చెక్కలు, వాటి మీద అర అంగుళం మందాన సున్నపు అట్ట. ఆ నిలువు చెక్కలే స్టడ్‌లు, ఆ అట్టే డ్రైవాల్. ఒక స్టడ్ మధ్య నుంచి పక్క స్టడ్ మధ్యకి సాధారణంగా 16 అంగుళాలు ఉంటుంది. కొన్ని గరాజ్‌లలో 24 ఉంటుంది. టూ బై ఫోర్ అని పిలిచినా దాని అసలు కొలత ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. అంటే మన స్క్రూ దిగాల్సిన చోటు వెడల్పు ఒకటిన్నర అంగుళాలే. మిగతా పద్నాలుగున్నర అంగుళాలూ ఉత్త అట్ట, దాని వెనక ఖాళీ. అక్కడ స్క్రూ వేస్తే ఆ రోజుకి గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఊడేది ఆరునెలల తర్వాత, సైకిలు తగిలించాక, కింద పిల్లవాడు నిలబడి ఉన్నప్పుడు.

ఇంకో సంగతి. గోడకి ఆనుకుని వేలాడే పారకీ, గోడలోంచి 16 అంగుళాలు ముందుకు వచ్చిన అర మీద పెట్టిన డబ్బాకీ తేడా ఉంది. బరువు ఒకటే అయినా, ముందుకు జరిగిన కొద్దీ అది పైనున్న స్క్రూలని గోడలోంచి బయటికి లాగుతుంది. అందుకే బరువైనవి గోడకి దగ్గరగా, తేలికైనవి అర చివరగా ఉండాలి.

స్టడ్‌లు కనిపెట్టడానికి స్టడ్ ఫైండర్ అనే చిన్న పరికరం ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. దాన్ని పూర్తిగా నమ్మెయ్యకండి. అది చూపించిన చోట, పలక వచ్చి కప్పేసే ఎత్తులోనే, సన్నటి మేకుతో కొట్టి చూడండి. చెక్క తగిలితే చేతికి తెలుస్తుంది. స్టడ్ రెండు అంచులూ కనిపెట్టి, మధ్యలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పైనా కిందా మాస్కింగ్ టేపు అంటించండి. పలక అడ్డం వచ్చాక గోడ మీద గీతలు కనిపించవు, ఆ టేపులే దారి చూపిస్తాయి.

ఫ్లోరిడా వంటి చోట్ల గరాజ్ గోడలు కాంక్రీటు ఇటుకలతో కట్టినవి ఉంటాయి. వాటికి స్టడ్ వెతుక్కునే పని లేదు గానీ మామూలు స్క్రూలు పనికిరావు. కాంక్రీటు స్క్రూలు, హ్యామర్ డ్రిల్ కావాలి.

కొలతలు, కొనుగోలు

గరాజ్ వెనక గోడ 20 అడుగులు, దాని మీద 4 అడుగుల ఎత్తు పట్టీ వెయ్యాలనుకుందాం. మొత్తం 80 చదరపు అడుగులు. 8 అడుగుల పలక ఒక్కొక్కటి 8 చదరపు అడుగులు కాబట్టి 10 పలకలు. కోతల్లో పోయేదానికి ఇంకొకటి కలిపి 11 కొనండి. వరసకి రెండున్నర పలకలు పడతాయి. మొదటి వరసలో కోసిన సగం ముక్క రెండో వరస మొదట్లో వాడితే, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా ఇటుక కట్టుబడిలా ఉంటాయి.

8 అడుగులంటే 96 అంగుళాలు. 16 పెట్టి భాగించినా 24 పెట్టి భాగించినా శేషం లేకుండా పోతుంది. కాబట్టి మొదటి పలక చివర స్టడ్ మధ్యకి వచ్చేలా కోసుకుంటే, తర్వాతి అతుకులు కూడా స్టడ్‌ల మీదే పడతాయి. మూల దగ్గర మొదలుపెట్టి కొలవకుండా బిగించేస్తే అతుకులన్నీ గాలిలోనే తేలతాయి.

కార్ల కొలత కూడా చూసుకోండి. మినీవ్యాన్ పొడవు సుమారు 17 అడుగులు. 20 అడుగుల గరాజ్‌లో అది పెట్టాక మిగిలేది 3 అడుగులు. అందులో వెనక గోడకి 2 అడుగుల లోతు అరలు పెడితే మనిషి నడవడానికి దారి ఉండదు. 12 నుంచి 16 అంగుళాలకి మించకపోవడం మంచిది. పక్క గోడల మీద కారు తలుపు తెరుచుకునే చోట పలుచగా వేలాడేవి మాత్రమే పెట్టండి.

స్క్రూ పొడవుకి ఒక లెక్క

ఇది చాలామంది పట్టించుకోని విషయం, కానీ కరెంటుతో వ్యవహారం. పొడుగు స్క్రూ వేస్తే గట్టిగా ఉంటుంది కదా అని మూడంగుళాలవి తెచ్చేస్తారు. గోడలో కరెంటు తీగలు స్టడ్‌లకి అడ్డంగా చిల్లులు పెట్టి కూడా తీసుకెళ్తారు. అమెరికా విద్యుత్ కోడ్ ప్రకారం ఆ చిల్లు స్టడ్ అంచు నుంచి కనీసం 1¼ అంగుళాల లోపల ఉండాలి. అంత లోపల పెట్టడం కుదరకపోతే తీగ ముందు ఉక్కు బిళ్ళ కొట్టాలి. అంటే మన స్క్రూ స్టడ్‌లోకి 1¼ అంగుళాలు దాటి వెళ్ళిందంటే తీగ తగిలే అవకాశం ఉందన్నమాట.

కాబట్టి లెక్క ఇలా వెయ్యండి. స్క్రూ వేసే చోట పలక మందం, డ్రైవాల్ మందం, ఆపైన ఒక అంగుళం. గాడి లోపల పలక మందం పావు అంగుళం, డ్రైవాల్ అర అంగుళం అయితే మొత్తం 1¾ అంగుళాలు. డ్రైవాల్ 5/8 అంగుళం అయితే 2 అంగుళాల స్క్రూ సరిపోతుంది. డ్రిల్ చేస్తుండగా గట్టి లోహం తగిలి ముందుకు పోకపోతే బలవంతం చెయ్యకండి. అది ఆ ఉక్కు బిళ్ళ అయి ఉండవచ్చు. దాని వెనకే తీగ ఉంటుంది. అంగుళం పక్కకో పైకో జరగడం కాదు, ఆ స్టడ్ మీద ఆ ఎత్తు వదిలేసి వేరే ఎత్తులో వెయ్యండి.

డ్రైవాల్ స్క్రూలు వాడవద్దు. అవి నల్లగా సన్నగా ఉంటాయి, పెళుసు. కిందకి లాగే బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. పలకలతో పాటు వచ్చినవి గానీ, ఎనిమిదో నంబరు లేదా పదో నంబరు చెక్క స్క్రూలు గానీ వాడండి.

బిగించే పని

ఇద్దరుంటే శని ఆదివారాల్లో అయిపోయే పని. డ్రిల్, లెవెల్ (మన మేస్త్రీల రసమట్టం), టేపు, సన్నపళ్ళ రంపం, కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు ఉంటే చాలు.

1. ముందు గోడ ఖాళీ చెయ్యండి. చిన్న చిల్లులుంటే డ్రైవాల్ పుట్టీతో పూడ్చండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, పరీక్ష చేయించకుండా గోడని గీకడం, రుద్దడం చెయ్యకండి.

2. కింది వరసకి గీత గియ్యండి. నేల నుంచి కొలవకండి. నీళ్ళు బయటికి పోవడానికి గరాజ్ నేలని పెద్ద తలుపు వైపుకి వాలుగా పోస్తారు. నేలతో సమానంగా గీస్తే మీ పలకలు కూడా వాలిపోతాయి. లెవెల్ పెట్టి గీయండి.

3. ఆ గీత కింద ఒక తిన్నని చెక్క పట్టీని తాత్కాలికంగా స్టడ్‌లకి బిగించండి. మొదటి పలక దాని మీద ఆనించి నిలబెడితే చేతులు ఖాళీగా ఉంటాయి. పని అయ్యాక పట్టీ తీసెయ్యవచ్చు.

4. ప్రతి స్టడ్ దగ్గరా ముందు సన్న చిల్లు పెట్టండి. పదో నంబరు స్క్రూకి 1/8 అంగుళం బిట్ సరిపోతుంది. తర్వాత స్క్రూ వెయ్యండి. ఒక్క స్టడ్ కూడా వదలకండి. ఎన్ని గాళ్ళలో వెయ్యాలో పెట్టెలోని కాగితం చెబుతుంది, అది చదవండి.

5. పీవీసీ ఎండకి సాగుతుంది, చలికి కుంచించుకుంటుంది. చలికాలానికీ ఎండాకాలానికీ గరాజ్‌లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటే 8 అడుగుల పలక పొడవు ఇంచుమించు అంగుళంలో అయిదో వంతు మారుతుంది. అందుకని పలకకి పొడవు చిల్లులుంటే స్క్రూని వాటి మధ్యలో వెయ్యండి, పలక బిగుసుకుపోయేలా తిప్పకండి. మూలల దగ్గరా అతుకుల దగ్గరా కంపెనీ చెప్పిన సందు వదలండి. లేకపోతే జూలైలో పలకలు అప్పడాల్లా పొంగుతాయి.

6. ప్లగ్గు వచ్చిన చోట పలక కోసేముందు బ్రేకర్ ఆపి, కరెంటు లేదని పరీక్షించి చూసుకోండి. పలక మందం వల్ల ప్లగ్గు పెట్టె లోపలికి వెళ్ళిపోతుంది. దాన్ని పలకతో సమానంగా తేవడానికి బాక్స్ ఎక్స్‌టెండర్ దొరుకుతుంది. తప్పకుండా వెయ్యాలి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఇందులో మొహమాటం లేదు.

ముట్టుకోకూడని చోట్లు

గరాజ్‌కీ ఇంటికీ మధ్య ఉన్న గోడ మామూలు గోడ కాదు. గరాజ్‌లో మంట పుడితే అది ఇంట్లోకి రావడానికి కొంత సమయం పట్టేలా చేసేది ఆ గోడ మీది డ్రైవాల్. అమెరికాలో ఎక్కువ చోట్ల అనుసరించే ఇళ్ళ నిర్మాణ కోడ్ ప్రకారం ఆ గోడకి గరాజ్ వైపు కనీసం అర అంగుళం డ్రైవాల్ ఉండాలి. గరాజ్ మీద గది ఉంటే పైకప్పుకి 5/8 అంగుళం టైప్ ఎక్స్ రకం ఉండాలి. పలకలు ఎలాగూ వేస్తున్నాం కదా అని ఆ డ్రైవాల్ ఊడదీసి నేరుగా స్టడ్‌లకి బిగించకూడదు. పలక దానికి బదులు కాదు, దాని మీద అదనం. పెద్ద కన్నాలుంటే ముందు పూడ్చండి.

బ్రేకర్ పెట్టె ముందు 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు ఖాళీగా ఉండాలి. అక్కడ పలకలూ వద్దు, సైకిళ్ళూ వద్దు. నీళ్ళ హీటర్, ఫర్నేసుల గాలి కంతలు మూయకండి. పెద్ద తలుపు పట్టాలకీ, స్ప్రింగులకీ ఏమీ తగిలించకండి. తలుపు కింద రెండు వైపులా ఉండే కంటి సెన్సర్లకి సామాను అడ్డం రానివ్వకండి. నేలకి ఏదైనా బిగించాలనిపిస్తే ముందు చూసుకోండి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో చాలా ఇళ్ళ కాంక్రీటు నేలలో బిగించి లాగిన ఉక్కు తాళ్ళుంటాయి. వాటిని డ్రిల్‌తో తెంపితే ప్రమాదం.

ఏది గోడకి, ఏది బయటికి?

పారలు, చీపుళ్ళు, తోట పనిముట్లు, సైకిళ్ళు, మడత కుర్చీలు, క్రికెట్ కిట్లు గోడకి చక్కగా సరిపోతాయి. బొమ్మలకొలువు పెట్టెల వంటి ఏడాదికోసారి తీసేవి పై వరసలోకి వెళ్ళాలి. సూట్‌కేసులు ఒకదానిలో ఒకటి పెట్టి పైన పెట్టుకోండి గానీ, ఖాళీవి మాత్రమే. ఊరినుంచి తెచ్చిన స్టీలు సామానుతో నింపిన 50 పౌన్ల పెట్టె కొక్కేనికి తగిలించేది కాదు. ఎరువులు, పురుగుల మందులు పిల్లలకి అందని ఎత్తున, తాళం వేసిన అలమరలో ఉండాలి. బియ్యం బస్తాలూ పచ్చళ్ళూ అసలు గరాజ్‌లో వద్దు. ఆ వేడికి పురుగు పడుతుంది. పైగా పురుగుమందుల పక్కన తినే సరుకు ఉండకూడదు.

చివరగా, మనవాళ్ళ ఇళ్ళలో ప్రత్యేకంగా కనిపించే ఒక సంగతి. నూనె వాసన ఇంట్లోకి రాకూడదని గరాజ్‌లో ప్రొపేన్ స్టవ్ పెట్టి గారెలు, బజ్జీలు వేస్తుంటారు. పండగ అయ్యాక ఆ 20 పౌన్ల సిలిండర్‌ని అక్కడే ఒక మూలకి తోస్తారు. ఆ సిలిండర్ గరాజ్‌లో ఉండకూడదు. ప్రొపేన్ గాలి కంటే బరువు. కారితే నేల మీదే పరుచుకుంటుంది, నీళ్ళ హీటర్ నిప్పు దాకా పాకుతుంది. తలుపు తీసి ఉన్నా లోపల స్టవ్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. వంట బయట పెరట్లో, ఇంటి గోడకి దూరంగా చేసుకోండి. సిలిండర్ కూడా బయటే, నిటారుగా పెట్టండి. గోడ సర్దుకోవడం మొదలుపెట్టిన రోజే చెయ్యాల్సిన మొదటి పని ఇది.

అద్దె ఇల్లయితే యజమానిని అడిగి మొదలుపెట్టండి. సొంత ఇల్లయినా ఒక గోడతో మొదలుపెట్టి, నెల రోజులు వాడి చూసి, తర్వాత రెండో గోడకి వెళ్ళండి. ఆ నెల తర్వాత ఒకసారి, ఆపైన ఏడాదికోసారి స్క్రూలు వదులయ్యాయేమో, అతుకులు విడుతున్నాయేమో చూసుకోండి. వచ్చే చలికాలం పొద్దున్నే మీరు కారు మీది మంచు గీక్కోకుండా ఆఫీసుకి బయల్దేరితే, ఈ పని గిట్టుబాటయినట్టే.